తమ్ముడు పలకని పేరు

మొదటి సాయంత్రం మా తమ్ముడి శవపేటిక ముందు నలుగురు భిక్షువులు, రెండు వందల కుర్చీలు, పదకొండు మంది మనుషులు ఉన్నారు. పదకొండు మందీ మా బడి ఉపాధ్యాయులే. ఇస్త్రీ చేసిన నల్లబట్టల్లో వచ్చి, చేతులు జోడించి, దగ్గొచ్చినా మింగుకుంటూ కూర్చున్నారు. వాళ్లలో ఒక్కరూ వాణ్ణి చూసి ఎరుగరు.

పాక్‌నామ్ పో రేవులో ముప్ఫై ఆరేళ్లు పడవలకు తాళ్లు కట్టినవాడు మా తమ్ముడు. బియ్యం పడవైనా, ఇసుక పడవైనా, మొదటి తాడు వాడి చేతిలోనే పడాలి. అలాంటివాడిని సాగనంపడానికి రేవు నుంచి ఒక్కరూ రాలేదు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

కాలేయం చెడిన సంగతి ఎవరికీ చెప్పొద్దని వాడు నాతో ఒట్టు వేయించుకున్నాడు. చుట్టాలింటికి పోతున్నానని రేవులో చెప్పి, నాతో ఫిత్సనులోక్ ఆసుపత్రికి వచ్చాడు. పద్దెనిమిదో రోజున పోయాడు. నేరుగా మా ఊరి విహారానికి తీసుకొచ్చి, ముందున్న నల్లబల్ల మీద నా చేత్తోనే రాశాను: శ్రీ విసుత్థిఫోంగ్, వయసు యాభై నాలుగు, మూడు సాయంత్రాలు మంత్రపఠనం, నాలుగో రోజు దహనం. ఒక్క అక్షరం వంకర పోలేదు. రేవుకు వెళ్లేవాళ్లంతా ఆ బల్ల ముందు నుంచే నడుస్తారు.

భోజనం వేళ పెట్టె మీద తట్టి, పోయినవాళ్లను పేరు పెట్టి పిలవాలి. మూడుసార్లు తట్టాను.

"విసుత్థిఫోంగ్, అన్నం తిందువుగాని రా."

తరగతిలో హాజరు పిలిచినట్టుంది.

మర్నాడు ఉదయం వాడికిష్టమైన చేప ఉండల పులుసు కొందామని రేవులో హుయ్ అక్క కొట్టుకు వెళ్లాను. నన్ను చూడగానే ఆమె గరిటె ఎత్తింది.

"టీచరమ్మా! మీ తమ్ముడెక్కడ చచ్చాడు? ముడ్డోడు లేక పడవలన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుంటన్నాయి!"

ఆ మాట గురించి చెప్పక తప్పదు. మనిషి కూర్చునే భాగానికి మా ఊళ్లో ఉన్న మోటుమాటే మా తమ్ముడి ముద్దుపేరు. ముద్దొచ్చే పిల్లాడని తెలిస్తే దెయ్యాలు ఎత్తుకుపోతాయని, పుట్టగానే అమ్మ పెట్టింది. నేను ఒక్కసారీ పలకలేదు. ఆ మాట గోడల మీద రాసిన పిల్లల చేత ముప్ఫై ఏళ్లుగా గోడలు కడిగించినదాన్ని. కిందటేడు జబ్బు బయటపడ్డప్పుడు జ్యోతిష్కుడు పేరు మార్చమన్నాడు. నిఘంటువు తిరగేసి నేనే ఏరాను. విసుత్థిఫోంగ్ అంటే మచ్చలేని వంశంవాడు. మండలాఫీసులో సంతకం పెట్టి వాడు నవ్వాడు. "అక్కా, దీన్ని మొయ్యాలంటే ఇంకో ఇద్దరు కూలీలు కావాలే!"

"చుట్టాలింట్లో పందిలా మేస్తుంటాడు," అన్నాడు టగ్గు పడవ నడిపే చున్ మామ, నోటినిండా నూడుల్స్‌తో. "రానీ. వాడి తాడుతోనే వాణ్ణి కట్టేస్తా."

హుయ్ అక్క నా బట్టలు చూసింది. "నల్లబట్టలేంది టీచరమ్మా? విహారంలో ఆ పెద్దమనిషిని చూడ్డానికా? పేరు చూస్తే జిల్లా జడ్జిలాగున్నాడు. యాభై నాలుగంట. చచ్చినోళ్ల వయసు కలిసొస్తదని ఆ నంబరు మీదే లాటరీ కొన్నా. ఎవరో గానీ మహానుభావుడు!"

అప్పుడు అర్థమైంది.

"అక్కా, ఆ పేరు... ఆ పేరు మా తమ్ముడిదే."

"ఏ తమ్ముడు?"

"నాకున్నది ఒక్కడే."

గరిటె పులుసులో పడింది. చున్ మామ గిన్నె పక్కకు నెట్టి లేచాడు.

"మరి ముడ్డోడని రాసి చావొచ్చుగా!" అని అరిచాడు, చొక్కా అంచుతో కళ్లు తుడుచుకుంటూ. "యాభై ఏళ్లు ఎతికినా దెయ్యాలకు దొరకనోడు! మీరు మంచి పేరెట్టారు, దొరికిపోయాడు!"

"నోర్ముయ్, ముసలి సచ్చినోడా!" హుయ్ అక్క తడిగుడ్డతో అతని వీపు మీద కొట్టింది.

ఆసుపత్రిలో వాడి కళ్లు మూసినప్పటి నుంచీ నేను అనుకుంటున్నదీ అదే.

విహారానికి తిరిగొచ్చి సుద్దముక్క పట్టుకుని బల్ల ముందు నిలబడ్డాను. ఆకులు ఊడుస్తున్న పెద్ద స్వామి చీపురు ఆపారు.

"ఏం టీచరమ్మా, అక్షరదోషమా?"

"స్వామీ, విహారం బల్ల మీద బూతు రాయొచ్చా?"

"ఏ బూతు?"

బల్ల మూలన చిన్నగా రాశాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివారు. చదివి, మెట్టు మీద కూలబడ్డారు.

"వాడా పోయింది?" కాసేపు చీపురు పుల్లలు లెక్కపెడుతున్నట్టు చూశారు. "రాత్రి గంటసేపు ఎవడో జడ్జికి చదివాననుకున్నానమ్మా. ఆ మూల చీమలకు రాశావా? పెద్దక్షరాలు వెయ్యి."

వేశాను. మచ్చలేని వంశంవాడి కింద, వాడి పేరుకు రెట్టింపు ఎత్తులో. గుణింతం మాత్రం తప్పు పోనివ్వలేదు.

ఆ సాయంత్రం రెండు వందల కుర్చీలూ చాలలేదు. తడి లాగులతో వచ్చారు, చేపల వాసనతో వచ్చారు. నల్లచొక్కా లేదని చున్ మామ వీపు మీద ఎరువుల ప్రకటన ఉన్న నల్లబనియను వేసుకొచ్చాడు. మా ఉపాధ్యాయులు పదకొండు మందీ ఒక మూల ఒద్దికగా ఇరుక్కున్నారు. హుయ్ అక్క పెట్టె ముందు పులుసు గిన్నె పెట్టి, లాటరీ తగలకపోయిందో దహనం రోజున నీ సంగతి చెబుతానని మా తమ్ముణ్ణి బెదిరించింది.

పిలవాల్సిన వేళయింది. పెట్టె మీద తట్టాను. అందరూ మాటలాపారు. ఆ మూల నుంచి మా ప్రధానోపాధ్యాయురాలు నా వైపే చూస్తోంది.

"ఒరేయ్ ముడ్డోడా," అన్నాను.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"లేచి రారా. హుయ్ అక్క పులుసు తెచ్చింది, చల్లారిపోతోంది."

"గట్టిగా పిలవండి టీచరమ్మా," అన్నాడు చున్ మామ. "పడవ కూతలకు ఎప్పుడో చెవుడొచ్చింది ఆడికి."

గట్టిగా పిలిచాను.