నిండుగా తిరిగొచ్చే సీసా

ప్రయాణమయ్యే మనిషికి నీళ్ల సీసా ఇవ్వని ఇల్లుండదు. ఈ అత్తగారు కూడా లారీ నడిపే కోడలికి ప్రతిసారీ రెండు లీటర్ల సీసా ఇచ్చేది. వింతేమిటంటే, వెయ్యి కిలోమీటర్లు తిరిగినా ఆ సీసా నిండుగానే ఇల్లు చేరేది.

"నీళ్లకు ఊళ్లు చూపించి తెచ్చావా?" అని అత్తగారు నవ్వేది. కిందటి నెల కోడలు మూత్రంలో మంటతో, జ్వరంతో వారం రోజులు మంచం పట్టాక ఆ నవ్వు ఆగింది. దారిలో మరుగుదొడ్డి దొరకదని కోడలు నీళ్లు తాగడమే మానేసిందట! మళ్లీ ఇలా జరిగితే కిడ్నీలు దెబ్బతింటాయని డాక్టరు గట్టిగా చెప్పింది.

ఈసారి పొద్దున్నే సీసా చేతికిస్తూ అత్తగారు ఒకటే మాట అంది. "ఇది ఖాళీ కావాలి. దారి సంగతి నువ్వు చూసుకో."

కోడలు తాగింది. ఒక బంకులో మరుగుదొడ్డి తలుపు తెరిచే ఉంది, అదృష్టం. తరువాతి రెండింటికీ తాళాలు. మధ్యాహ్నం గోడౌను గేటు ముందు బండి ఆపేసరికి సీసా ఖాళీ, ఇక ఆపుకోలేని అవస్థ.

"లోపలి మరుగుదొడ్డి ఆఫీసు వాళ్లకమ్మా. డ్రైవర్లు గోడ వెనక్కి వెళ్తారు" అన్నాడు కాపలాదారు.

"మీ అమ్మాయినైతే పంపుతావా బాబాయ్?"

అతను తల దించుకున్నాడు. "తాళంచెవి నా దగ్గరుండదమ్మా. నేనూ గోడ వెనక్కే."

వెనక లారీలు హారన్లు మోగించాయి. మేనేజరు పరుగున వచ్చాడు. "బండి లోపలికి తియ్యమ్మా, సరుకు దించాలి!"

"సరుకేమిటో ఓసారి చదవండి సార్."

"కమోడ్లు. నూట ఎనభై."

"నూట ఎనభై మోసుకొచ్చాను. ఒక్కటి వాడుకోనివ్వండి. ఆ తలుపు తీస్తే నా బండి తలుపూ తీస్తాను."

వెనక లారీలోంచి నెరిసిన మీసాల డ్రైవరు దిగాడు. "ఇరవయ్యేళ్లుగా గోడలు తడుపుతున్నాను చెల్లెమ్మా. అడగొచ్చని తట్టనే లేదు" అంటూ వెళ్లి తన ఇంజను ఆపేశాడు. ఒక్కొక్కటిగా మిగతా ఇంజన్లూ ఆగాయి.

మేనేజరు రూల్సేవో చెప్పబోయి, రోడ్డు మలుపు దాకా ఆగిన వరుస చూసి తాళంచెవి తెచ్చాడు. ఆమె తరువాత వరుసలో మొదట నిలబడ్డది కాపలాదారే. ఆ తాళంచెవి ఇక గేటు దగ్గరే ఉంటుందని ఒప్పించాకే ఆమె బండి లోపలికి తీసింది.

సరుకు దిగుతుండగా ఇంటికి ఫోను చేసింది. "అత్తయ్యా, సీసా మళ్లీ నింపుకున్నాను. కానీ అంతమందిలో అడగడానికి సిగ్గేసిందనుకో."

"సిగ్గు అడిగినదానికి కాదే, అడిగేదాకా తలుపు తియ్యనివాళ్లకుండాలి."