ప్రేమమణి పాట మీది గీతలు

మా చర్చిలో పిల్లలు తెలుగు పాటల్ని తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో చూసి పాడతారు. మెట్టుగూడలో ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పి రిటైరైన నాకు ఆ తెర వంక చూస్తేనే ఒళ్లు మండేది. అయినా, నా భార్య ప్రేమమణి పోయి ఏడాది కావస్తుంటే, జ్ఞాపకార్థ కూడికలో ఆమె కట్టిన పాటే పాడించాలని పట్టుబట్టింది నేనే. ఆ పాట అచ్చులో ఎక్కడా లేదు. ఆమె గొంతులో ఉండేది, ఇప్పుడు నా చెవిలో ఉంది. పిల్లలకు సరిగ్గా పట్టుబడకపోతే నాతోనే పోతుంది.

"దారి చూపే తండ్రీ, తోడు రావా" అని మొదలవుతుంది. మా అబ్బాయి డేవిడ్ రాజు మూడేళ్లవాడుగా ఉన్నప్పుడు టైఫాయిడ్‌తో పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంటే, వాడి మంచం పక్కన కూర్చుని కట్టింది. 'తండ్రీ' దగ్గర, 'రావా' దగ్గర ఊపిరి ఉన్నంతసేపూ సాగదీసేది. పిలవడమంటే అదే కదా. వీధి చివర పోతున్న మనిషిని పిలిచినా ఆఖరి అక్షరం సాగాల్సిందే.

ఇంగ్లీషు అక్షరాలకు ఆ పొట్టీ పొడుగూ తెలియవు. అందుకని పొడుగ్గా పలకాల్సిన ప్రతి అక్షరం నెత్తినా అడ్డగీత పెట్టి, పిల్లలకు తలా ఒకటి చొప్పున ఇరవై రెండు కాగితాల మీద పాటను ఇంగ్లీషు అక్షరాల్లోనే నా చేత్తో రాశాను. మూడు ఆదివారాలు పిల్లల్ని కూర్చోబెట్టి, గీత కనిపిస్తే సాగదీయండర్రా అని చెప్పాను. మూడో వారం నా మనవరాలు క్యారల్ 'రావా' అంటుంటే కళ్లు తుడుచుకోవడానికి బయటికి వెళ్లాల్సొచ్చింది.

క్యారల్‌కు తెలుగు చదవడం రాదని ఎవరిని తిట్టను? వాళ్ల నాన్న డేవిడ్ రాజుకే అంతంతమాత్రం. వాణ్ణి ఇంగ్లీషు మీడియంలో వేసింది నేను. ఇంటర్లో మార్కులొస్తాయని తెలుగు మాన్పించి సంస్కృతం తీసుకోమన్నదీ నేనే. "మన ఇంట్లోనే వద్దనుకుంటే బయట ఎవరు చదువుతారండీ" అని ప్రేమమణి అంటే, నీకేం తెలుసు ఊరుకో అన్నాను. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

కూడిక రోజున తెర మీద పాట వచ్చింది. గీత ఒక్కటీ లేదు. పిల్లల చేతుల్లో నా కాగితాలూ లేవు. వాటిని తీసుకుని పాటను తెర మీదికి ఎక్కించిందీ, తెర నడిపేదీ డేవిడ్ రాజే. లేచి వాడి దగ్గరికి వెళ్లాను.

"గీతలేవిరా?" అన్నాను.

"ఆ ఫాంట్‌ల వస్తలేవు నాన్నా. గీత ఉన్న కాడల్లా డబ్బాలు పడుతున్నయ్. అందుకే తీసేసిన."

"కాగితాలన్నా ఇవ్వాల్సింది."

"స్క్రీన్ ఉండంగ కాగితాలెందుకు? ట్యూన్ అయితే అదే కద. జెర పోయి కూర్చో నాన్నా, అందరు చూస్తున్నరు."

వాడు విసుక్కోలేదు. విసుక్కున్నా బాగుండేది. వాడి ప్రాణం కోసం కట్టిన పాట అది. వాడికది పొద్దటి నుంచి చేస్తున్న పనుల్లో ఒకటి, భోజనాలకూ కుర్చీలకూ మధ్య. వెళ్లి ముందు బెంచీలో కూర్చున్నాను.

కీబోర్డు షురూ అయింది. తాళం కూడా పరుగు మీద ఉంది. "దరి చుపె తండ్రి, తొడు రవ" అని టకటకా పాడుకుంటూ పోయారు పిల్లలు. మూడు వారాలు నేర్చుకున్నదంతా పక్కన పెట్టి, కళ్ల ముందు ఏముంటే అది పాడారు. అందులో ఎవరూ ఎవర్నీ పిలవడం లేదు.

నేను ఊరుకోలేకపోయాను. కూర్చున్నచోటు నుంచే 'తండ్రీ' అని ప్రేమమణి సాగదీసినట్టు సాగదీశాను. అప్పటికే వాళ్లు తర్వాతి లైనులో ఉన్నారు. నా ముసలి గొంతు ఒక్కటే వెనక మిగిలింది. ఎవరో నవ్వాపుకోవడం వినిపించింది. వరస చివర నిలబడ్డ క్యారల్ నా మీదికి వంగి, నా పరువు కాపాడాలన్నట్టు మెల్లగా చెప్పింది.

"తాతా, రాంగ్ పాడుతున్నవ్. స్క్రీన్ చూసి పాడు."

ఆ పిల్ల కళ్లలో జాలి తప్ప ఏమీ లేదు. అరవాలనిపించింది, ఏడవాలనిపించింది. నాకు సిగ్గేసింది కూడా. ఆఖరి చరణం తెర చూస్తూ వాళ్లతో కలిసి, వాళ్లలాగే పొట్టిగా పాడాను.

ఇప్పుడు ఆ వీడియో చుట్టాలందరి ఫోన్లలో ఉంది. ప్రేమమణి పాట అంటే ఇక అదే. ఆఖరి చరణంలో తెలుగు మాస్టారి గొంతు కూడా వినిపిస్తుంది, ఎక్కడా వెనకబడకుండా.