ఆరు కోట్లు బిగుతైన టోపీ

ఆ వీధిలో ఎదురెదురుగా రెండు కొట్లు. ఒకదాంట్లో దర్జీ, రెండోదాంట్లో ఆయన బావ. బావంటే అక్క మొగుడు. పాడైన టీవీలూ రేడియోలూ బాగుచేస్తాడు. అంటే, విప్పుతాడు. మళ్ళీ బిగించేటప్పుడు ప్రతిసారీ రెండు మరలు మిగులుతాయి. అలా మిగిలినవన్నీ పోగేస్తే ఇంకో టీవీ తయారవుతుందని వీధిలో అనుకునేవారు. తయారైందనీ, దాంట్లో వార్తలు ఒకరోజు ముందే వచ్చేవనీ చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు.

దర్జీకి తిండికి లోటు లేదు, బట్టకి అసలే లేదు. లోటల్లా ఒక్క మాట దగ్గరే. ఇరవై రెండేళ్ళుగా బావ ఆయన్ని "ఒరేయ్" అంటున్నాడు. ఇంట్లో అంటే సరే, బావమరిది కాబట్టి పడతాడు. కానీ కొట్లో ఎవరో పెద్దమనిషి చేతులు చాపి కొలతలిస్తున్నప్పుడే, వీధి అవతలి నుంచి "ఒరేయ్, సూదుందా?" అని కేక వచ్చేది. ఆ కేకతో పెద్దమనిషి చాపిన చేతులు దించేసి, అప్పటిదాకా "మీరు" అంటున్నవాడు కాస్తా "ఎప్పటికిస్తావోయ్" అనేవాడు. నెత్తిన నెరిసిన జుట్టు, ముక్కు మీద కళ్ళజోడు, గోడ మీద రెండు పతకాలు, ఇవన్నీ కలిసి కట్టిన పరువుని ఒక్క "ఒరేయ్" కుట్టు విప్పినట్టు విప్పేసేది.

ఇలా ఉండగా బావ కొట్లో ఒక ఆటపెట్టె తేలింది. ఎవరో బాగుచేయమని ఇచ్చి మళ్ళీ రాలేదు. టీవీకి తగిలిస్తే హాకీ వచ్చింది. గడ్డి మీద ఆడే హాకీ కాదు, మంచు మీద ఆడేది. మనుషులు ఒంటినిండా పరుపులు కట్టుకుని, కత్తులు బిగించిన బూట్లేసుకుని జారుతుంటారు. కర్ర మనం పట్టుకోనక్కర్లేదు. జట్టుకి యజమానిగా కూర్చుని ఎవర్ని తెచ్చుకోవాలో, ఎవరికెంత జీతమివ్వాలో తేలిస్తే చాలు, ఆట వాళ్ళే ఆడుకుంటారు. వీధిలో ఆరు కొట్లవాళ్ళూ ఆరు జట్లు పంచుకున్నారు. మూడు నెలలు వ్యాపారాలు గాలికొదిలేసి ఆడితే, ఫైనల్‌కి మిగిలింది బావా బావమరిదీ.

పందెం వేసుకున్నారు. బావ గెలిస్తే దర్జీ కొట్టు బోర్డు మీద "మా బావగారి చలవతో" అని పెద్దక్షరాలతో రాయించాలి. దర్జీ గెలిస్తే బావ ఏడాది పాటు, జనం ముందైనా చాటునైనా, ఆయన్ని "మీరు" అనాలి.

"మీరేంట్రా, నువ్వు గెలిస్తే తమరు అంటాను" అని బావ నవ్వేశాడు.

ఫైనల్‌కి పది రోజుల ముందు ఆటగాళ్ళ ఒప్పందాలు తిరగరాసుకునే గడువు వచ్చింది. ఒక్కొక్కడి ఫోటో తెర మీదికొచ్చి, మొహం ఇంత చేసుకుని, జీతం పెంచమని అడిగేది. రెండేళ్ళ కిందట దర్జీ దగ్గర మంచి పనివాళ్ళిద్దరు ఇలాగే అడిగారు. ఆయన చూద్దాంలే అన్నాడు, వాళ్ళు చూడకుండా వెళ్ళిపోయారు. ఆ దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. పైగా ఈ కోట్లు తన జేబులోవి కావాయె. ఇరవై ముగ్గురికీ పెంచేశాడు. గోల్ కీపర్‌కి ముప్ఫై ఎనిమిదేళ్ళు, గడ్డం సగం నెరిసింది. ఆయన్ని మాత్రం "పెద్దాయన" అని పిలిచేవాడు. పెద్దాయనకి ఏడాదికి ఏడు కోట్ల చొప్పున ఆరేళ్ళకి రాసిచ్చాడు. తన నెరిసిన జుట్టు తనకి గుర్తొచ్చిందో ఏమో, ఒక్క రూపాయి కూడా బేరమాడలేదు.

మర్నాడు తెర మీద ఎర్రగా ఒక గీత వచ్చింది. జట్టు "క్యాప్" దాటిపోయింది, "క్యాప్"లో చోటు లేదు అని దాని సారాంశం.

దర్జీకి క్యాపంటే ఒక్కటే అర్థం. స్కూలు పిల్లల టోపీలు, బ్యాండు మేళం వాళ్ళ టోపీలు, ఒకసారి సర్కసు ఏనుగుకి టోపీ, అన్నీ కుట్టిన చెయ్యి అది. ఏనుగు టోపీకి పదకొండు గజాలు పట్టిందనీ, అది పెట్టుకున్నాక ఏనుగు మావటివాడితో మాట్లాడ్డం మానేసిందనీ ఆయనే చెప్పేవాడు. కాబట్టి సంగతి వెంటనే అర్థమైపోయింది. జీతాలు పెరిగాయి, పొగరు తలకెక్కింది, తలలు ఉబ్బాయి, టోపీల్లో పట్టడం లేదు. ఆటపెట్టె అంతా వెతికి, హెల్మెట్లు మార్చే చోటు ఒకటి పట్టుకుని, ఇరవై ముగ్గురికీ అన్నిటికంటే పెద్ద సైజువి తొడిగాడు. గీత ఎర్రగానే ఉంది. ఆ రాత్రి ఇంట్లో, తల ఉబ్బు తగ్గడానికి ఏం చెయ్యాలని భార్యని అడిగాడు. ఆవిడ ఆయన నుదురు తాకి చూసి పడుకోమంది.

ఆ వారమంతా గడిచి ఫైనల్ జరిగే ఆదివారం వచ్చింది. ఆట సాయంత్రం నాలుగింటికి. మూడింటికే అందరూ బావ కొట్లో చేరారు. దర్జీ కూతురు కూడా వచ్చింది. హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. తండ్రి చెప్పిన ఉబ్బిన తలల కథంతా నవ్వకుండా విని, తెర చదివి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇది తలకి పెట్టుకునే టోపీ కాదు నాన్నా. జీతాలకి హద్దు. జట్టు మొత్తం కలిపి ఎనభై కోట్లు దాటకూడదు. నీది ఎనభై ఆరు."

హద్దుని హద్దు అనక టోపీ అనడమేంటని దర్జీకి కోపమొచ్చింది. టోపీకి పైన ఇంకేమీ ఉండదు కదా, అందుకని కూతురు చెప్పింది. అసలు సంగతి ఆ తర్వాత చెప్పింది. నాలుగింటికి ఏ జట్టు ఈ హద్దు దాటి ఉంటే ఆ జట్టు మంచు మీదికి దిగదు, ఎదుటివాళ్ళు గెలిచినట్టే.

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇన్నాళ్ళూ ఊరందరికీ టోపీలు కుట్టావు, ఇప్పుడు నీకు నువ్వే పెట్టుకున్నావు కదరా" అన్నాడు. తన జట్టు డెబ్భై అయిదు కోట్లే అనీ, అయిదు కోట్ల చోటు ఊరికే పడుందనీ, పొదుపంటే తనదగ్గర నేర్చుకోవాలనీ చెప్పి, బోర్డు రాసేవాడికి ఫోను కూడా చేశాడు. "చలవ" అనే మాటకి ఏ రంగు బాగుంటుందని అందరూ వినేట్టు అడిగాడు.

దారి ఏమన్నా ఉందా అని దర్జీ కూతుర్ని అడిగాడు. ఎవరినైనా పంపించెయ్యొచ్చు, కానీ మిగిలిన జీతంలో సగం ముట్టజెప్పాలి, ఆ సగం కూడా టోపీలోనే ఉంటుందంది. అయినా చూద్దామని పేర్ల మీద వేలు పెట్టాడు. ఎవరి పేరు ముట్టుకుంటే వాడి ఫోటో ఆయనకేసి చూసేది. మొన్ననేగా పెంచాను, ఇవాళ పొమ్మంటే ఏమనుకుంటారు అని వేలు వెనక్కి తీసుకున్నాడు. ఇక మిగిలింది మార్పిడి. మనవాణ్ణి ఇచ్చి అవతలి జట్టులో తక్కువ జీతగాణ్ణి తెచ్చుకోవడం. మిగతా నాలుగు జట్లకీ టోపీల్లో చోటు లేదు.

నాలుగింటికి పది నిమిషాలుంది. దర్జీ పెద్దాయన ఫోటో ముందు అలాగే కూర్చుండిపోయాడు. ఆ చూపు బావ కంటపడింది. బావకో చెడ్డ గుణముంది. ఎదుటివాడు దేన్నైనా గట్టిగా పట్టుకుంటే, అది బంగారమై ఉంటుందని తను లాక్కుంటాడు. ఇందాకటి కోట్లూ, పొదుపూ, హద్దూ అన్నీ ఆ క్షణంలో మర్చిపోయాడు.

"ఆ ముసలాణ్ణి నాకిచ్చెయ్, నా దగ్గరున్న అయిదు కోట్ల చోటులో పెట్టుకుంటాను. బదులుగా అరకోటి జీతపు కుర్ర కీపర్ని తీసుకో" అన్నాడు.

దర్జీ లేచి నిలబడ్డాడు. "పెద్దాయన జీతం ఏడు కోట్లు బావా. ఆరేళ్ళ ఒప్పందం. ఒకసారి చూసుకో."

"ఇవ్వడం ఇష్టం లేక భయపెడతావురా? నాకు లెక్కలు నేర్పుతావా?"

కూతురు ఏదో అనబోయింది. "మావయ్యా, కూడిక..." అంది. లెక్కల పంతులమ్మ వంతు వచ్చినప్పుడు అడుగుతాలే అన్నాడు మావయ్య. దర్జీ మనసులో ఎంత బాధపడ్డా, బోర్డు మీది "చలవ" కళ్ళముందు మెరిసి, సరేనని నొక్కాడు. బావ కూడా ఆత్రంగా నొక్కాడు. పెద్దాయన ఫోటో ఒక మూల నుంచి ఇంకో మూలకి జారింది. దర్జీ గీత పచ్చగా మారింది. డెబ్భై తొమ్మిదిన్నర.

బావ గీత ఎర్రబడింది. ఎనభై ఒకటిన్నర.

బావ ఆటపెట్టెని కొట్టాడు, ఊపాడు, వైరు పీకి మళ్ళీ పెట్టాడు. దాన్ని బాగుచేసింది తనే కాబట్టి మరలేవో మిగిలిపోయి ఉంటాయని సొరుగు కూడా వెతికాడు. తెర మీద గడియారం నాలుగు కొట్టింది. దర్జీ జట్టు మంచు మీదికి జారింది. బావ జట్టు తలుపు దగ్గరే ఆగిపోయింది. పెద్దాయన అక్కడ నిలబడి గడ్డం సవరించుకుంటున్నాడు.

చెప్పులు కుట్టే ముసలాయన వెనక నుంచి నెమ్మదిగా అన్నాడు, "టోపీ బావగారికి సరిగ్గా పట్టింది."

ఇక "మీరు" మొదలవ్వాలి. మర్నాటి నుంచి బావ నోరు మంచు గడ్డకట్టినట్టైంది. మీరు అనకుండా, నువ్వు అనకుండా మాట్లాడ్డం మొదలెట్టాడు. "టీ తాగడం అవుతుందా?" అనేవాడు. "అటుపక్క సూది ఉండటం జరిగిందా?" అని గోడకేసి అడిగేవాడు. దర్జీ ఒప్పుకోలేదు. కస్టమర్ ముందు గట్టిగా పిలవాలన్నాడు.

మూడో రోజు ఒక లాయరు కొలతలిస్తున్నాడు. బావ వీధి మధ్యకొచ్చి నిలబడి, గొంతు తేనెలో ముంచి, సాగదీసి పిలిచాడు. "ఏమండీ..."

ఆ పిలుపుకి మేడ మీద నుంచి బావ భార్య తొంగి చూసింది. దర్జీ అక్క ఆవిడే. భర్త తన తమ్ముణ్ణి "ఏమండీ" అంటుంటే విని, పక్కింటావిణ్ణి కూడా పిలిచింది. లాయరు చాపిన చేతులు దించేసి కిటికీ దగ్గరికెళ్ళాడు. అప్పట్నుంచి రోజుకి నాలుగుసార్లు ఆ పిలుపు. వీధిలో పిల్లలు దర్జీకి ఆ పేరే పెట్టారు. మీరు అన్నట్టేగా, తప్పేముంది అని బావ అమాయకంగా చూసేవాడు. పరువు "ఒరేయ్"తో కుట్లూడితే, "ఏమండీ"తో ఏకంగా చిరిగింది.

దర్జీ వారం రోజులు ఓర్చుకుని, ఒక మధ్యాహ్నం మిగిలిన ముదురు నీలం గుడ్డతో ఒక టోపీ కుట్టాడు. కొలత తీసుకోలేదు. ఇరవై రెండేళ్ళుగా ఎదురుగా చూస్తున్న తల అది. వీధి దాటి వెళ్ళి బల్ల మీద పెట్టాడు. "గెలిచినవాడి తరఫున" అన్నాడు.

బావ అటూ ఇటూ తిప్పి చూశాడు. లోపలి అంచు కూడా కనపడకుండా కుట్టిన కుట్టు. పెట్టుకుని, విప్పి పడేసిన టీవీ అద్దంలో మొహం చూసుకున్నాడు. అప్పుడే ఒకావిడ పాడైన ఇస్త్రీపెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. బావ అద్దంలోంచి కన్ను తీయకుండా, నోరు జారాడు.

"బాగా కుట్టావు..."

గుమ్మంలో మనిషిని చూశాడు. పందెం గుర్తొచ్చింది.

"...రు."

ఇస్త్రీపెట్టెతో వచ్చినావిడ ఆయన్నీ ఈయన్నీ మార్చి మార్చి చూసింది. దర్జీ ఆ మాటని నోట్లో వేసుకుని రుచి చూసినట్టు ఒక్క క్షణం ఆగాడు. కుట్టావురు. ముందు సగం బావమరిదికి, వెనక సగం దర్జీగారికి. బావ గౌరవానికీ ఒక టోపీ ఉంది, అందులో పట్టేది ఇంతే అని తేల్చుకున్నాడు.

"ఇది చాలు బావా" అన్నాడు.

ఏడాది ఎప్పుడో దాటిపోయింది. ఆ వీధిలో ఈ కొట్టు నుంచి ఆ కొట్టుకి ఇప్పటికీ అదే వ్యాకరణం నడుస్తోంది. "తిన్నావురా?" అని వినపడితే తొందరపడి కోప్పడకండి. కాస్త ఆగితే చివర్లో సున్నితంగా ఒక "రు" కూడా వస్తుంది.