రేకు చుట్టిన సీసా

ఎనిమిదో సీసా ఫలితం కూడా చూసి, ఛాయాదేవి కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. ఇక అనుమానానికి చోటు లేదు. వెలుతురు సోకకుండా అల్యూమినియం రేకు చుట్టిన సీసాలో కావలసిన పదార్థం తయారైంది. నీలి దీపం కింద పన్నెండు గంటలు ఉంచిన సీసాలో ఏమీ కాలేదు. జరగవలసింది దీనికి సరిగ్గా తలకిందులు.

ఆ అమెరికా విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో ఆమెది ఇరవై రెండేళ్ల కొలువు. ప్రొఫెసర్లు మారారు గాని ఆమె హోదా మారలేదు. పరికరం మొరాయించినా, పిల్లలకు పని నేర్పాలన్నా ఆమే దిక్కు. వ్యాసాలలో ఆమె పేరు మాత్రం ఎవరి కంటా పడని నడిమధ్యన ఉండేది.

ఖమ్మం నుంచి ఐదేళ్ల కిందట వచ్చిన సంహిత ఆమె చేతికింద తయారైన పిల్ల. మందుల కంపెనీలు రెండు అణువులను అతికించడానికి పల్లాడియమనే ఖరీదైన లోహాన్ని వాడతాయి. సంహిత చేసిన లేతపసుపు పొడి, సూక్ష్మదర్శినికి గాని చిక్కనంత సన్నని రేణువులు, ఆ లోహం అక్కరలేకుండా వట్టి వెలుతురుతోనే అతికిస్తోందని మూడేళ్లుగా తేలుతూ వచ్చింది. వ్యాసాన్ని పత్రికవారు అంగీకరించారు. గురువారం డిఫెన్స్. పరీక్షకుల ముందు నిలబడి నెగ్గితే పిహెచ్‌డి.

నెల కిందట ఒక కంపెనీ రసాయనికుడు, ఆ పొడి తమ దగ్గర పనిచేయడం లేదని మర్యాదగా ఉత్తరం రాశాడు. మీ దీపం మంచిది కాదని ప్రొఫెసర్ జవాబిచ్చాడు. ఛాయాదేవికి ఆ జవాబు నచ్చలేదు. సంహిత థీసిస్ రాసుకుంటూ ఇంటిపట్టున ఉన్న వారంలో తానే సీసాలు పేర్చింది.

సీసాలో ద్రవాన్ని కలియతిప్పడానికి చిన్న అయస్కాంతపు ముక్క వేస్తారు, తెల్లని టెఫ్లాన్ తొడుగుతో. దాన్ని స్టిర్ బార్ అంటారు. సంహిత చేరిన మొదటి నెలలో ఏ ప్రయోగమూ కుదరక బల్లముందే కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పుడు ఛాయాదేవి తన చదువునాటి బార్ ఇచ్చింది. గీతలు పడి, బూడిదరంగుకు తిరిగిన పాతది. పారేయడమెందుకు, శుభ్రంగా కడిగి వాడుకో అంది. అదే వారంలో ప్రయోగం కుదిరింది.

"మీ హస్తవాసి ఆంటీ" అంది సంహిత, ఆ సాయంత్రం కారులో.

ఆనాటి నుంచి దానిని తన బల్ల సొరుగులో, చెవిరింగుల డబ్బాలో దాచుకునేది. పక్కబల్ల లోకేష్, "బార్‌కి బొట్టు కూడా పెట్టేయ్ తల్లీ, నోబెల్ ఇచ్చేస్తారు" అని ఏడిపించేవాడు. సంహిత నవ్వి ఊరుకునేది. అసలు ప్రయోగం దీపం కిందది గనుక ఆ బార్ ఎప్పుడూ దానిలోనే వేసేది. చీకటి సీసాకూ, పొడి లేని సీసాకూ కొత్త బార్లు. సరిపోల్చి చూసే ప్రతిసారీ దీపం కింది సీసాయే గెలిచింది.

ఛాయాదేవి బార్లు మార్చింది, అంతే. పాత బార్ ఏ సీసాలో ఉంటే అది పనిచేసింది, వెలుతురున్నా లేకున్నా, పొడి వేసినా వేయకున్నా. ఒకప్పుడు ఆమె చేసినవన్నీ పల్లాడియం ప్రయోగాలే. ఆ గీతల్లో లోహం అంటుకుని ఉండిపోయింది, ఎన్ని ఆమ్లాలతో కడిగినా పోలేదు. ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు. ఇచ్చేనాడు గుర్తుకు రాలేదు. చేసిన తప్పుకు ఆమె అంతకన్నా మంచి పేరు వెతుక్కోలేదు.

ప్రొఫెసర్ ఫలితాలన్నీ ఓపికగా చూశాడు. ముందు వ్యాసం రానిద్దాం, కావాలంటే సవరణ తరవాత పంపుదాం అన్నాడు. ఆ పిల్ల వీసా సంగతి ఆలోచించమన్నాడు, పాపం అన్నాడు. మూడేళ్లుగా దేశదేశాల వేదికల మీద ఆ పొడి గురించి మాట్లాడినవాడు ఒక్కసారీ ఈ బల్లదాకా వచ్చి సీసాలో ఏముందో చూడలేదు. అతడి జాలి ఎవరిని కాపాడడానికో ఛాయాదేవికి స్పష్టంగా తెలుసు. తాను నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదనీ తెలుసు.

ఆ సాయంత్రం థీసిస్ ప్రతులు తీసుకోవడానికి వచ్చిన సంహితను ఎప్పటిలా కార్‌లో, ఆ పిల్ల ఉండే క్యారీ అనే ఊరికి తీసుకువెళ్లింది. ల్యాబ్‌లో మేడమ్ అనే పిల్ల, కారు తలుపు పడగానే ఆంటీ అనడం మొదలుపెట్టేది. ఆనాడూ అంతే. గురువారానికి పులిహోర చేస్తానన్నారు, మరిచిపోకండి ఆంటీ అంది. తన స్నేహితురాలు దేదీప్య కూడా వర్జీనియాలోని హెర్న్‌డన్ నుంచి డ్రైవ్ చేసుకుని వస్తోందట.

ఛాయాదేవి కిరాణాకొట్టు పార్కింగ్‌లో కారు ఆపింది. ఎనిమిది సీసాల సంగతీ వరసగా చెప్పింది. ఏ మాటా మెత్తబరచలేదు. బార్ తానిచ్చినదేనని కూడా చెప్పింది.

సంహిత ఒళ్లోని థీసిస్ ప్రతుల అంచులు సరిచేసింది.

"కొత్త బార్, నా పౌడర్, లైట్. ఎన్నిసార్లు రన్ చేశారు?"

"మూడుసార్లు."

"మూడింట్లో ఏం రాలేదా?"

"రాలేదు."

ఎదుట ఎవరో తోపుడుబండిలోని సంచులు డిక్కీలోకి సర్దుకుంటున్నారు.

"సార్ ఏమన్నారు?"

ఛాయాదేవి చెప్పింది. ఏమీ కలపలేదు, ఏమీ దాచలేదు. నిర్ణయం నీదే అని మాత్రం అనలేదు. తాను చెప్పేశాక ఈ పిల్లకు మిగిలిన దారి ఒక్కటేనని ఇద్దరికీ తెలుసు.

"పేపర్ విత్‌డ్రా చేస్తున్నానని నేనే మెయిల్ పెడతా. డిఫెన్స్ కాన్సిల్. పిహెచ్‌డి లేకుండా మాస్టర్స్ డిగ్రీతో పంపిస్తారేమో" అంది సంహిత. "ఆ బార్ ఏదీ?"

"నా దగ్గరే ఉంది."

"పారేయకండి. కమిటీ వాళ్లకి చూపించాలె."

ఛాయాదేవి తలూపింది. క్షమించమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాటకు బదులు చెప్పవలసిన బరువు కూడా ఈ పిల్ల మీదే పెట్టడం న్యాయం కాదనిపించి మింగేసింది. కారు కదిలించింది.

అపార్ట్‌మెంటుకు ఇంకా రెండు వీధులుండగా సంహిత సీటుబెల్టు తీసింది.

"ఇక్కడ దింపేయండి, మేడమ్."

దిగి, తలుపు విసరలేదు. బల్లమీది సున్నితపు త్రాసు గాజుతలుపు మూసినట్లు, చప్పుడు కాకుండా నొక్కి మూసింది. అలా మూయడం ఛాయాదేవి నేర్పినదే.