వదిన, లిఫ్టు, త్వరణం

లిఫ్టు కింది అంతస్తులో ఆగగానే స్ట్రెచర్ మీదున్న వదిన పెదవి కొరుక్కుంది. కమ్మీ పట్టుకున్న ఆవిడ వేళ్ళు తెల్లబడటం మేస్త్రి చూశాడు.

ఆ ఆస్పత్రి లిఫ్టును పదకొండేళ్ళుగా చూసుకుంటున్నది అతనే. తాళ్ళు, బ్రేకులు, తలుపులు, అన్నింటి మీదా అతని చెయ్యి పడింది. ఇన్నేళ్ళలో ఎందరో రోగులు ఎక్కారు, దిగారు. ఒక్కరి ముఖమూ ఇంత దగ్గరగా చూడలేదు. వంటింట్లో స్టూలు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నది సొంత వదిన అయ్యేసరికి, తన లిఫ్టు తనకే పగవాడిలా కనిపించింది.

ఆవిడ ఆ ఇంట్లో కాలు పెట్టేనాటికి అతనికి తొమ్మిదేళ్ళు, తల్లి లేదు. జ్వరమొస్తే తడిగుడ్డ వేసిందీ, ఎక్కాలు అప్పజెప్పించుకున్నదీ ఆవిడే. కాలేజీలో లెక్కల లెక్చరరు. ఊళ్ళో సగంమందికి లెక్కలు నేర్పిన మనిషి ఇంట్లోనే మరిది పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పాడు. రెండోసారి తప్పిన మర్నాడే లిఫ్టుల పనిలో చేరిపోయాడు. వదిన పల్లెత్తు మాట అనలేదు. అదే అతనికి ముల్లులా దిగింది. ఆ తర్వాత ఆవిడ ముందు అంకె ఎత్తితే ఒట్టు. నలభై దాటినా ఆవిడకు మాత్రం ఇంకా బుడ్డోడే.

ఆ సాయంత్రం అతను లిఫ్టు వేగాన్ని సగానికి తగ్గించాడు. మర్నాడు ఆస్పత్రంతా గగ్గోలు. "మేస్త్రీ, ఇది లిఫ్టా, నత్తా?" అని మేనేజరు నిలదీశాడు. మాటలు పడితే పడ్డాను, వదినకు సుఖంగా ఉంటే చాలుననుకున్నాడు. కానీ మళ్ళీ ఎక్స్‌రేకి దింపినప్పుడు అదే కుదుపు, అదే మూలుగు.

వార్డుకు తిరిగొచ్చాక మంచం పక్కన తల పట్టుకుని కూర్చున్నాడు.

"వేగం సగం చేశాను కదా వదినా. ఇంకా నొప్పేనా?"

"వేగం పాపం ఏం చేసిందిరా? మధ్యలో హాయిగానే పోతోంది. ఆగేటప్పుడే ప్రాణం పోతోంది." కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించింది. "ఆగే ముందు లిఫ్టు ఏ క్షణాన ఎక్కడుందో నాకు కొలిచి చెప్పగలవా?"

కొలవడమంటే అతనికి నల్లేరు మీద నడక. వేగాన్ని మళ్ళీ మామూలుకు తెచ్చాడు. లిఫ్టు నడిచే పట్టా పొడుగునా కొలత టేపు అంటించి, లిఫ్టు పైకప్పు మీద కూర్చుని ఫోనుతో వీడియో తీశాడు. మధ్యాహ్నం అతను వార్డుకు రాగానే, అక్కడే ఉన్న అన్నయ్య "మీ లెక్కల మధ్య నేనెందుకు" అంటూ టీకి జారుకున్నాడు. వదిన తన మందుల చీటీ వెనక్కి తిప్పి అతని చేతికిచ్చింది.

"అర సెకనుకి ఎంత దిగిందో రాయి."

"యాభై సెంటీమీటర్లు. మళ్ళీ యాభై. మళ్ళీ యాభై. చివరి అర సెకనులో పాతిక. అంతే, ఆగిపోయింది."

"దూరాన్ని కాలంతో భాగించు. వేగమెంత?"

"సెకనుకి మీటరు. చివర్లో అర మీటరు."

"ఆ అర మీటరు సగటురా. అర సెకను మొదట్లో మీటరు వేగంతోనే ఉంది, చివర సున్నా. మధ్యలో ఏం జరిగిందో తెలియాలంటే ముక్క చిన్నది చెయ్యి. సెకనులో పదో వంతు తీసుకో."

అతను వీడియోను ముందుకీ వెనక్కీ జరిపి చదివాడు. "తొమ్మిది. ఏడు. అయిదు. మూడు. ఒకటి." తల ఎత్తాడు. "ప్రతిసారీ రెండు తగ్గుతోంది వదినా!"

"చూశావా! ముక్కను ఇంకా ఇంకా చిన్నది చేసుకుంటూ పోతే సగటు ఏ అంకె దగ్గరికి చేరుతుందో, అదే ఆ క్షణపు వేగం. అలా లాగడాన్నే మా పుస్తకాల్లో అవకలనం అంటారు. లిఫ్టు ఉన్న చోటుని అవకలనం చేస్తే వేగం. వేగాన్ని మళ్ళీ చేస్తే త్వరణం, అంటే వేగం ఎంత తొందరగా మారుతోందన్నది. ఒంటికి తగిలేది ఆ మూడోదే. నువ్వు వేగం సగం చేశావు గానీ, అది చచ్చే తొందర మార్చలేదు."

"అంటే బ్రేకు తొందర." అతను మెల్లగా అన్నాడు. "అర సెకను బదులు రెండు సెకన్లలో ఆపితే?"

వదిన ఒక సూత్రం చెప్పింది: బ్రేకు మొదలైనప్పటి నుంచి లిఫ్టు దిగే దూరం, కాలంలోంచి కాలం వర్గంలో నాలుగో వంతు తీసేసినంత. దాన్నెలా అవకలనం చెయ్యాలో చూపించింది. వేగం, ఒకటిలోంచి కాలంలో సగం తీసేసినంత. మరోసారి చేస్తే మిగిలింది మైనస్ అర. ఇదివరకు, అర సెకనులో ఆగినప్పుడు, అది మైనస్ రెండు. కుదుపు నాలుగో వంతుకు పడిపోయింది. కాలం చోట రెండు పెట్టమంది. అతను పెన్సిలు నములుతూ కూడాడు, తీసేశాడు. వేగం సున్నా, దూరం ఒకటి.

"మీటరు!" గట్టిగా అరిచేసరికి పక్క మంచం ముసలాయన ఉలిక్కిపడ్డాడు. "వేగం తగ్గించే స్విచ్చి పాతిక సెంటీమీటర్ల ముందుంది వదినా. మీటరు ముందుకి జరపాలి!"

వదిన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నొప్పేమోనని అతను కంగారుపడ్డాడు.

"నొప్పి కాదురా. నువ్వు తప్పిన రోజు నాకు నోట మాట రాలేదు. ఇంట్లో పిల్లాడికే నేర్పలేకపోయాను, నేనేం పంతులమ్మనని సిగ్గేసింది."

"నేనేమో నీకు తలవంపులు తెచ్చానని..."

"పాతికేళ్ళుగానా? పిచ్చి సన్నాసీ!" అంటూ అతని నెత్తిన చెయ్యి వేసింది.

మేనేజరు మాత్రం ఓ పట్టాన ఒప్పుకోలేదు. మళ్ళీ నత్త నడకేనా అన్నాడు. అతను జేబులోంచి చీటీ తీశాడు. "బయల్దేరడం కూడా ఇలాగే మెల్లగా చేసినా, రెండూ కలిపి ఎక్కువయ్యేది ఒకటిన్నర సెకను సార్. లెక్క ఇదిగో." జీవితంలో మొదటిసారి ఒకరికి లెక్క చూపిస్తున్నాడు. మేనేజరు చీటీని అటూ ఇటూ తిప్పి, "నాకు ఆవలింతకే అంతకన్నా ఎక్కువ పడుతుంది, కానివ్వు" అన్నాడు.

ఆదివారం రెండో లిఫ్టు నడుస్తుండగా దీన్ని ఆపి, ప్రతి అంతస్తులోనూ స్విచ్చిలు జరిపి, బయల్దేరే తొందరా ఆగే తొందరా తగ్గించాడు. ఇసుక బస్తాలు పెట్టి సాయంత్రం దాకా పైకీ కిందికీ తిప్పి, బ్రేకు చూసి, గడపకు సమంగా ఆగుతోందని నిర్ధారించుకున్నాడు. సోమవారం వదినను ఎక్స్‌రేకి తీసుకెళ్ళారు. తలుపు తెరుచుకుంటే ఆవిడ కళ్ళు విప్పి, "ఏం, కరెంటు పోయిందా?" అంది. స్ట్రెచర్ తోసే ఆవిడ నవ్వేసి, "కింద ఉన్నామమ్మా, వచ్చేశాం" అంది. మేస్త్రి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

మిగిలిన రోజులన్నీ మధ్యాహ్నాలు లెక్కలతోనే గడిచాయి. త్వరణం నుంచి వెనక్కి వేగానికీ, అక్కణ్ణుంచి చోటుకీ రావడం ఇంకా నేర్చుకోవాలని వదిన అంటే, "ఇదంతా సగమేనా?" అని అతను గుండె పట్టుకున్నాడు.

తొమ్మిదో రోజున ఇంటికి పంపించారు. కారు అతనే నడిపాడు. "ఇలా పాకితే రేపటికి చేరతాం" అని అన్నయ్య వెనక సీట్లోంచి గొణిగాడు.

"పాకడం లేదన్నయ్యా, నలభైలో ఉన్నాం. కావాలంటే వదినని అడుగు."

అద్దంలో చూశాడు. అన్నయ్య భుజం మీద తల వాల్చి వదిన గాఢంగా నిద్రపోతోంది.