మంద్రం

"ఆడమనిషి వాయించేదానికి ఇంత పెద్దదెందుకప్పా? ఆ చిన్నది చూపించు" అన్నాడు ఐజాక్.

అనంతపురంలోని ఆ వాయిద్యాల అంగడికి బాస్ గిటారును భుజాన మోసుకొచ్చింది సారా. కంబదూరు చర్చిలో తన భర్త ఐజాక్ పాడుతుంటే, వెనక నిలబడి దాన్ని వాయించేది ఆమే. అది సారా నాయన గిటారు. పోయిన ఏడాది ఆయన చనిపోయాక గిటారూ, దాని శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయరూ ఆమెకొచ్చాయి. కరెంటు ఎక్కువ తక్కువై ఆంప్లిఫయర్ మొన్న కాలిపోతే, కొత్తది కొనడానికి వచ్చారు. గిటారు ఆమె భుజాన ఉన్నా, అంగడాయన ఉదయ్ కుమార్ ప్రతి మాటా ఐజాక్‌నే అడిగాడు.

సారా చిన్న ఆంప్లిఫయర్‌కు గిటారు తగిలించి అన్నిటికంటే లావు తీగ మీటింది. రేకు డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు గరగరమంది. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, మూలనున్న పెద్దదానికి తగిలించింది. అదే తీగ. ఈసారి శబ్దం అరికాళ్ళలో పుట్టి రొమ్ములోకి ఎక్కింది. చిన్నప్పుడు నాయన పక్కన నిలబడితే అచ్చం ఇట్లాగే ఉండేది. ఆమెకు కళ్ళు నిండాయి.

"బాస్‌కు ఈ పెద్దదే కావాలన్నా. చిన్నదాంట్లో లావు తీగ పలకదు" అన్నాడు ఉదయ్ కుమార్, ఐజాక్‌తోనే.

"ఇంత మోత ఉంటే నా పాట ఎవురికి ఇనపడాల?" ఐజాక్ నవ్వి, చిన్నదాన్నే కట్టించాడు.

బస్సులో దాన్ని సారా ఒళ్ళో పెట్టుకుంది. పెళ్ళయిన కొత్తలో అత్త అన్న మాట గుర్తొచ్చింది: "నీ గొంతు వీధిలోకి ఇనపడతాంది, తగ్గించు." అప్పటినుంచి తగ్గిస్తూనే ఉంది. ఫోన్లో అమ్మతో మాట్లాడేటప్పుడు, నవ్వేటప్పుడు, గర్భం పోయిన రోజు ఏడ్చేటప్పుడు కూడా. ఇక తగ్గించడానికి తన దగ్గర ఏం మిగిలిందో ఆమెకు తెలియలేదు.

ఆదివారం చర్చిలో, మొదటి పాట రెండో చరణం దగ్గర సారా తీగల మీదినుంచి వేళ్ళు ఎత్తేసింది. పాట ఆగలేదు. ఎవరూ తిరిగి చూడలేదు. ఆరాధన అయ్యేదాకా గిటారు పట్టుకుని ఊరికే నిలబడింది.

ఇంటికొచ్చాక ఐజాక్ చొక్కా విప్పుతూ, "ఈ పొద్దు బాగా వాయించినావు. యాడా ఎక్కువ కాలేదు" అన్నాడు. ఆమె వాయింపును ఆయన మెచ్చుకోవడం అదే మొదటిసారి.

"నేను వాయించనే లేదు."

ఆయన చొక్కాను కొక్కేనికి తగిలించాడు. "సర్లే, అన్నం పెట్టు. ఆకలైతాంది."

సారా గడప మీద కూర్చుని గిటారు ఒళ్ళోకి తీసుకుంది. దేనికీ తగిలించలేదు. చెక్కకు దవడ ఆనించి మెల్లగా మీటింది. ఆ మోత ఆమె ఎముకల్లో మోగింది, ఆమె ఒక్కదానికే.

"అన్నం ఆడ ఉండాది, పెట్టుకో" అని, మళ్ళీ మీటింది.