గంగక్క విత్తనక్కాయలు

మాది మూడు తరాల అత్తరు వ్యాపారం. అత్తరు చిక్కగా ఎవరూ అమ్మరు. ఘాటెక్కువైతే తలనొప్పి అంటారని వాసనలేని నూనె కలిపి పలచన చేస్తాం. మా ఇంట్లో పని నేర్చుకునేవాడికి అదే మొదటి పాఠం. దాన్ని మోసమంటే మా అబ్బా కొట్టేవాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తప్పు చేసినవాడికి సాకులకేం కొదవ!

రెండేళ్ళ కిందట ముదిగుబ్బ దగ్గర మా ఊళ్ళోనే బట్టీ పెట్టి నిమ్మగడ్డి నూనె తీయడం మొదలుపెట్టాను. విత్తనానికి దాచే వేరుశనగ కాయల మధ్య ఆ నూనెలో తడిపిన గుడ్డపేలికలు వేసి, మూట బిగించి కడితే పురుగు చేరదు. మొదటి ఏడు గంగక్క మూటల్లో ఒక్క పుచ్చిన కాయ లేదు. ఆమె ఒంటరి మనిషి, ఉన్నది నాలుగెకరాల మెట్ట. ఊరంతా తిరిగి నా నూనె గురించి తనే చెప్పింది.

ఈ ఏడు పన్నెండిళ్ళవాళ్ళు అడిగారు. గడ్డి చాలలేదు. లేదంటే పేరు పోతుందని నూనెలో సగానికి సగం వాసనలేని నూనె కలిపాను. మూత తీస్తే గుప్పుమంది. ఇంకేం, చాల్లే అనుకున్నాను. వాసన చూసి మురిసిపోవడానికి పురుగేమైనా దర్గా దగ్గర అత్తరు కొనే మనిషా! ఆ మాత్రం బుద్ధి అప్పుడు లేకపోయింది.

మే నెలలో ఒక పొద్దున గంగక్క కొంగులో కాయలు పోసుకుని వచ్చింది. మూట కింద పిండి రాలుతుంటే అనుమానమొచ్చి విప్పిందట. ఏ కాయ చూసినా గుండ్రంగా బెజ్జం. వలిస్తే లోపల గింజ డొల్ల.

“తప్పు నాదేలేప్పా వలీ,” అంది. “పక్కింటి బిడ్డ కాయలడిగితే నడమ ఒకసారి మూట ఇప్పినా. గాలి దూరింటాది. నీ నూనెకేం, బంగారం. ఎవురన్నా ఏమన్నా అంటే పండ్లు రాలగొడతా.”

ఛీ, అప్పుడు నేనేం చేశానో చెప్పడానికి కూడా సిగ్గేస్తోంది. “మూట ఇప్పకూడదు కదక్కా,” అని మందలించాను! అంత పెద్దమనిషి నా ముందు తల దించుకుంది.

“ఈసారి యాడన్నా కూలికి పోతాలే. చేను బీడు పడనీ,” అంటూ లేచింది.

ఆమె గడప దాటుతుంటే ఇక నావల్ల కాలేదు. “గంగక్కా, తప్పు నీది కాదు. నూనెలో సగం వేరే నూనె కలిపినా,” అన్నాను.

చెప్పు తీస్తుందనుకున్నాను. తీసి ఉంటే బాగుండేది. ఆమె మాత్రం, “ఎంతమందికిచ్చినావ్?” అంది.

“నీతో కలిపి పన్నెండిండ్లు.”

“నాది పోయింది. వాళ్ళవి ఇంకా అంత చెడిండవేమో. ఇప్పుడే ఎండబోసి ఏరుకుంటే సగమన్నా దక్కుతాయి. లెయ్, పోదాం పా.”

ఆమె ముందు, నేను వెనక. మొదట రామలక్ష్మమ్మ ఇల్లు. నన్ను చూడగానే రామలక్ష్మమ్మ మంచం వాల్చి, “రాప్పా వలీ, నీ నూనె పుణ్యాన ఈ ఏడు నిమ్మళంగా ఉండాం,” అంది.

తను చెబుతుందేమోనని గంగక్క మొహంలోకి చూశాను.

“నన్ను చూస్తావేంప్పా?” అంది గంగక్క. “నీ మంచి ఊరంతా నా నోటితో చెప్పినా. ఇది మాత్రం నీ నోటితోనే చెప్పు.”